మెరక ఎవరిది? పల్లం ఎవరిది?

నీరు పల్లమెరుగును అన్నది మన సామెత. నీటికి పల్లం మాత్రమే తెలుసు, ఆ పల్లంలో ఎవరిని కాపురం పెట్టించాలో తెలిసింది ఊరికి. డెల్టా గ్రామాల్లో గుడి, పెద్ద రైతుల లోగిళ్లు, పాత కచేరీ చావడి సాధారణంగా మెరక మీద ఉంటాయి. మాలపల్లి, మాదిగగూడెం, చేపలు పట్టే కులాల పేటలు మురుగు కాలువ వారగా, చెరువు దిగువన ఉంటాయి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వరకు, అక్కడి నుంచి కొల్లేటి లంకల వరకు తిరిగిన ప్రతిసారీ నాకు ఎదురయ్యే భూగోళశాస్త్రం ఇదే. అందుకే వరద ముంపు పటాలను సవరించాలి, వరద మైదానాల్లో నిర్మాణాలకు కొత్త నిబంధనలు తేవాలి అన్న మాట వినిపించినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఆ పటం నీటిని మాత్రమే చూపుతుందా, లేక ఆ నీటిలో నిలబడిన మనిషిని కూడా చూపుతుందా?

ఈ ప్రశ్న 2024 సెప్టెంబరులో మరింత పదునెక్కింది. బుడమేరు విజయవాడను ముంచినప్పుడు దేశమంతా సింగ్‌నగర్‌ను చూసింది. ఆ నీరు అక్కడితో ఆగలేదు. బుడమేరు చివరకు చేరేది కొల్లేరుకే. నగరం నుంచి వార్తాసంస్థల కెమెరాలు వెనుదిరిగాక పెదఎడ్లగాడి వద్ద ఏలూరు–కైకలూరు రహదారి మునిగింది, లంక గ్రామాలకు రాకపోకలు తెగిపోయాయి. నగరంలో వరదకు సహాయ కేంద్రాలు, లెక్కలు, పర్యటనలు ఉన్నాయి. లంకలో వరద వార్షిక అలవాటుగా నమోదవుతుంది. అలవాటు అన్న మాట చాటున ఎంత అన్యాయమైనా దాగగలదు.

చట్టం విషయానికి వద్దాం. వరద మైదానాల జోనింగ్‌పై కేంద్ర జల సంఘం రూపొందించిన నమూనా బిల్లును 1975లో రాష్ట్రాలకు పంపారు. అర్ధ శతాబ్దం గడిచింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్, పూర్వపు జమ్మూ కాశ్మీర్ చట్టాలు చేశాయి. రెండు మహానదుల డెల్టాలున్న మన రాష్ట్రం ఆ జాబితాలో లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2008 మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి: ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాల వంటివి నూరేళ్లకోసారి వచ్చే వరద మట్టానికి పైన ఉండాలి, నివాసాలు కనీసం పాతికేళ్ల వరద మట్టానికి పైన ఉండాలి, తరచూ మునిగే నేలను ఉద్యానాలకు, ఆటస్థలాలకు వదలాలి. ఈ సూత్రాన్ని డెల్టా మీద పెట్టి చూడండి. పార్కుకు కేటాయించాల్సిన నేలలో మన పేటలు ఉన్నాయి.

ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకోవలసిన చరిత్ర ఒకటుంది. నేటి కేంద్ర జల సంఘానికి మాతృసంస్థ 1945లో ఏర్పడింది. అప్పుడు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఆ శాఖను చూస్తున్న సభ్యుడు అంబేడ్కర్. దామోదర్ నదీలోయ పథకానికి రూపురేఖలు దిద్దిన వారిలో ఆయన ముఖ్యుడు. నదిని రాష్ట్రాల సరిహద్దులతో కాక పరీవాహక ప్రాంతమంతా ఒక్కటిగా చూడాలన్నది ఆ కాలపు ఆలోచన. ఊరిని కులం ఎలా విడగొడుతుందో అంతగా తెలిసిన మనిషి నదిని విడగొట్టవద్దన్నాడు. ఆయన వారసత్వంలోని సంస్థ రాసిన బిల్లును ఆయన పేరు జపించే ప్రభుత్వాలు యాభై ఏళ్లుగా తాకలేదు.

ఇప్పుడు కొల్లేరు. ఈ సరస్సు హద్దును కాంటూరు లెక్కలో చెబుతారు. సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లను 1999 అక్టోబరులో అభయారణ్యంగా ప్రకటించారు. పదో కాంటూరు వరకు లెక్కిస్తే విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది ఆ విస్తీర్ణమే. మూడో కాంటూరుకు కుదిస్తే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లు. 2008లో శాసనసభ ఐదు నుంచి మూడుకు కుదించాలని తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 2011లో దానికి అంగీకరించలేదు. అభయారణ్యం హద్దును జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా మార్చరాదని చట్టం చెబుతోంది. అయినా ప్రతి ఎన్నికకూ మూడో కాంటూరు తిరిగి లేస్తుంది.

ఈ కోరికను ఎవరి పేరున వినిపిస్తారు? వడ్డీల పేరున, దళితుల పేరున. నిజానికి వారి కష్టం కల్పితం కాదు. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారులకు, భూమిలేని పేదలకు సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. డి-ఫారం పట్టాలు ఇచ్చింది. చెరువు తవ్వడానికి, మేతకు, పిల్లకు పెట్టుబడి వారి దగ్గర లేదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు నుంచి భూమీ డబ్బూ ఉన్న కులాల పెట్టుబడి లీజు రూపంలో ప్రవేశించింది. కాగితం మీద సంఘం పేరు, గట్టు మీద మరొకరి కాపలా. సొంత సరస్సులో వడ్డి చేపలవేటగాడు కూలీ అయ్యాడు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల వెలుగులో కొల్లేరు ఆపరేషన్ జరిగినప్పుడు గట్లు పేలాయి. పెట్టుబడి పెట్టినవాడు నష్టాన్ని లెక్కవేసుకుని మరో చోట చెరువు తవ్వుకున్నాడు. సంఘ సభ్యుడికి మాత్రం మరో చోటు లేదు.

అందుకే ఈ వివాదాన్ని పక్షులకూ పేదలకూ మధ్య పోరుగా చిత్రించడం నాకు సమ్మతం కాదు. హద్దు మూడో కాంటూరుకు జరిగితే 173 చదరపు కిలోమీటర్ల నేల అభయారణ్యం రక్షణ నుంచి బయటపడుతుంది. అక్కడ గట్లు లేస్తాయి. కొల్లేరుకు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు సహా ఎన్నో ఏర్లు, కాలువలు నీరు తెస్తాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. లోపలికి దారులు అనేకం, బయటికి ఒకటి. మధ్యలో గట్లు కడితే నీరు నిలిచేది ఎక్కడ? సరస్సు గర్భంలోని 46 బెడ్ గ్రామాల్లో. అంటే ఎవరి పేరున హద్దు కుదించమంటున్నారో వారి గుమ్మంలోనే ఆ నీరు చేరుతుంది. లాభం లీజుదారుది, ముంపు సంఘ సభ్యుడిది. ఐదో కాంటూరు నిలవాలని నేను కోరేది పక్షుల కోసం మాత్రమే కాదు, లంకల్లోని మనుషుల కోసం.

అయితే గీత నిలవాలి అంటే సరిపోదు. అభయారణ్యం ప్రకటించే ముందు కలెక్టరు ప్రజల హక్కులను విచారించాలని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమే నిర్దేశిస్తుంది. ఏ లంకలో ఎవరికి వేట హక్కు, ఎవరిది పట్టా, ఎవరు కేవలం పేరు అరువిచ్చారు అన్న లెక్క బయటికి రాకుండా గీసిన ఏ గీతైనా బలహీనుడికి కంచె, బలవంతుడికి బేరసారం అవుతుంది.

ఇదే తీరు పట్టణాల్లోనూ ఉంది. తమ్మిలేరు ఏలూరును రెండు పాయలుగా చుట్టి కొల్లేరులో కలుస్తుంది. 2020 అక్టోబరు వరదలో నగర శివార్లు వణికాయి. ఏటి గట్టు వెంబడి ఉన్న ఇళ్లు ఎవరివి? మెరక మీద సెంటు కొనలేనివారివి. తాడేపల్లిగూడెం సమీపంలో ఎర్రకాలువ నందమూరు అక్విడక్టు దగ్గర ఏలూరు కాలువను దాటి యనమదుర్రు డ్రెయిన్‌లోకి సాగుతుంది. వరద వచ్చిన ఏడు అక్కడ చేలు రోజుల తరబడి నీటిలో ఉంటాయి. ఆ చేలలో సాగు చేసేవారిలో కౌలుదారులు ఎందరో. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం లేని కౌలుదారుడి పంట మునిగితే పరిహారం మెరక మీది ఇంటికి వెళుతుంది.

పేదలకు ప్రభుత్వం ఇచ్చే స్థలాల సంగతీ ఇంతే. ఏ పార్టీ పాలించినా చౌకగా దొరికే నేలనే కొంటుంది, చౌకగా దొరికేది పల్లమే. 2020లో రాజమహేంద్రవరం సమీపంలోని ఆవ భూముల వివాదం హైకోర్టు దాకా వెళ్లింది అందుకే. ఒక చేత్తో ముంపు నేలలో పట్టా ఇచ్చి, మరో చేత్తో ఆక్రమణదారు అనే నోటీసు ఇచ్చే రాజ్యానికి పటం సవరించే నైతిక అర్హత ఎక్కడిది?

మార్గం లేక కాదు. నెదర్లాండ్స్ ఈ శతాబ్దంలో నదులకు చోటు విడిచే పథకం చేపట్టింది. ఓవర్‌డీప్ అనే పోల్డరులో నదిని లోపలికి రానివ్వాల్సి వచ్చినప్పుడు, ఎత్తైన దిబ్బల మీదకు ఇళ్లు, కొట్టాలు మార్చుకుంటామని అక్కడి రైతులే ప్రతిపాదించారు. ప్రభుత్వం ఆ ప్రణాళికను అమలు చేసింది. దిబ్బ మీద బతకడం మన లంకలకు తెలియని విద్య కాదు. వారిని అడిగినవారే లేరు.

కాబట్టి నా కోరికలు నాలుగు. మొదటిది, రాష్ట్రం వరద మైదానాల చట్టం చేయాలి. ఆ పటాన్ని జిల్లా హద్దులతో కాక ఏరు వెంట గీయాలి, ఎందుకంటే 2022 జిల్లాల విభజనకు ఎర్రకాలువ కట్టుబడదు. రెండవది, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో గీసే ముంపు పటం మీద ప్రతి పేటలోని కులాల వివరాలు, భూహక్కు, కౌలు నమోదు చేసి, ఆ పటాన్ని గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. మూడవది, ముంపు జోన్‌లో ప్రభుత్వమే ఇంటి స్థలం ఇవ్వడాన్ని నిషేధించాలి. అక్కడ ఇప్పటికే ఉన్నవారికి అదే ఊరి మెరక మీద స్థలం చూపిన తరువాతే ఖాళీ చేయమనాలి. నాల్గవది, పరిహారం పట్టా ఉన్నవాడికి కాక సాగు చేసినవాడికి, వేటాడినవాడికి అందాలి.

మూడవ కోరికే అసలు పరీక్ష. అదే ఊరి మెరక అన్న మాట దగ్గరే ఊరు గొంతు మారుస్తుంది. వరద పటం సవరణకు ఎవరూ అడ్డు చెప్పరు. గుడి వీధి పక్కన మాలపల్లికి స్థలం అన్నప్పుడే అభ్యంతరాలు మొదలవుతాయి. ముంపు పటంలో ఆ అభ్యంతరాలకు కూడా చోటు ఉండాలి, ఎందుకంటే పల్లంలో మనిషిని నిలిపి ఉంచుతున్నది అవే.