పోయిన విద్యావకాశమునకు వెల కట్టుట

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు దారిలో అడవిని ఆనుకొని కోయగూడెములు కలవు. అట్టి గూడెమునుండి వచ్చి ఆశ్రమ పాఠశాలలో పదవ తరగతి చదువుచున్న ఒక బాలికను ఊహింతము. ఆమె పరీక్షరుసుమును కార్యాలయమువారు అశ్రద్ధచే గడువులోపల పంపలేదు. ఆమె పరీక్షకు కూర్చుండలేకపోయెను. రుసుము తిరిగి యిచ్చినచో ఆ నష్టము తీరునా?

తీరదు. పోయిన కాలమున్నది, దానివెంట పోయిన జీవనోపాధి యున్నది. రాని జీతమునకు లెక్క యెట్లని కొందరు సందేహింతురు. 2010లో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాదపు కేసులో అట్టి లెక్క కట్టినది. ఇంజనీరింగు చివరి సంవత్సరపు విద్యార్థికి 70 శాతము అంగవైకల్యము కలిగెను. అతనికి ఏటికి కనీసము 60,000 రూపాయలు వచ్చియుండునని యెంచి, అందు 70 శాతమగు 42,000ను వయస్సును బట్టి 18చే హెచ్చించి, 7,56,000 రూపాయలుగా తేల్చిరి.

అయితే ఆ విద్యార్థి ఉద్యోగపు వాకిట నిలిచినవాడు. మన బాలిక పోగొట్టుకొన్నది ఉద్యోగము కాదు, అవకాశము. ఇంగ్లండునందు నటీమణుల ఎంపికపోటీలో తుదివరకు వచ్చిన 50 మందిలో ఒకామెకు పిలుపు సకాలమున అందలేదు. స్థానములు 12 మాత్రమే. గెలుపు నిశ్చయము కాకున్నను, అవకాశమునకే విలువ కలదని ఆమెకు 100 పౌనుల పరిహారమును 1911లో న్యాయస్థానము ఖాయపరచెను. లెక్క కష్టమైనంత మాత్రమున హక్కు పోదని దీని సారము.

మన తెలంగాణములోనే, హైదరాబాదునందలి ఒక ప్రైవేటు వైద్యకళాశాల అర్హురాలగు అభ్యర్థినికి స్నాతకోత్తర సీటు నిరాకరింపగా, 2020లో సుప్రీంకోర్టు మరుసటి యేట సీటును, 10 లక్షల రూపాయల పరిహారమును ఇప్పించెను. చేజారిన చదువును తిరిగి నిలుపుట మొదటిది. తిరిగి రాని యేటికి ధనము రెండవది.

ఇట్టి వానిలో తప్పు వలననే నష్టము కలిగెనని రుజువు కావలెను. మార్కులు తగ్గినవన్న మాట చాలదు. కాని తలిదండ్రుల పోడు సేద్యమును, తునికాకు కూలిని చూచి బిడ్డ భవిష్యత్తును తూచుట న్యాయము కాదని మేము తలంతుము. కొలబద్ద ఆమె మార్కులు, ఆమె పట్టుదల, ఆమెతో చదివినవారు చేరిన స్థానములు. కావున శ్రోతలు రుసుము రసీదులను, మార్కుల పట్టికలను, వ్రాసిన అర్జీల నకళ్లను భద్రపరుపవలెనని మా మనవి. అడవి యంచున పుట్టిన బిడ్డ ఆశకు న్యాయస్థానమున సాక్ష్యము పలుకునవి ఆ కాగితములే.