శూన్యంలో సుడులు

సూర్యుడికీ భూమికీ మధ్య 15 కోట్ల కిలోమీటర్ల దూరం. అందులో ఏముందని అడిగితే "ఏమీ లేదు, అంతా శూన్యం" అంటారు మీరు. కానీ అక్కడ ఒక గాలి వీస్తోంది! మనం పీల్చే గాలి కాదు సుమా! సూర్యుని కరోనా నుంచి ఎగిరివచ్చే ప్రోటాన్ల, ఎలక్ట్రాన్ల ప్రవాహం అది. దాన్నే సౌరపవనం అంటారు. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో నాలుగైదు రోజుల్లో భూమిని చేరుతుంది. ఇలాంటి పవనం ఉండి తీరాలని 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ పార్కర్ లెక్కకట్టి చెబితే చాలామంది నమ్మలేదు. 1962లో శుక్రగ్రహానికి వెళ్తున్న మారినర్-2 నౌక దారి పొడుగునా దాన్ని కొలిచింది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. సైకిలు ట్యూబు వాల్వు తీసి వేలు అడ్డం పెట్టండి. బుస్సున వచ్చే గాలి చల్లగా తగులుతుంది. వ్యాకోచించే వాయువు చల్లబడుతుందన్నమాట. సౌరపవనం భూమి దగ్గరికి వచ్చేసరికి ఘన సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లే మిగిలేటంతగా వ్యాకోచిస్తుంది. అయినా దాని ఉష్ణోగ్రత లక్ష డిగ్రీల దాకా ఉంటుంది! (అంత పలుచన కాబట్టి అది దేన్నీ కాల్చలేదు. అది వేరే సంగతి.) మరి దారిలో దానికి వేడి ఎక్కడి నుంచి అందుతోంది?

వరద గోదావరిని వంతెన మీద నుంచి ఎప్పుడైనా చూశారా? పెద్ద సుడి చిన్న సుడులుగా చీలుతుంది, అవి ఇంకా చిన్నవిగా చీలుతాయి. చివరికి నీటి అణువుల ఒరిపిడిలో ఆ కదలిక వేడిగా మారిపోతుంది. సౌరపవనంలోనూ ఇలాంటిదే జరుగుతోంది. కానీ అక్కడి కణాలు సూర్యుని నుంచి భూమికి వచ్చేలోగా ఒక్కసారి ఢీకొంటే గొప్ప. ఇక ఒరిపిడి ఎక్కడిది?

ఆ పని అయస్కాంత క్షేత్రం చేస్తుంది. సూర్యుని అయస్కాంత బలరేఖలను సౌరపవనం తనతోపాటు ఈడ్చుకొస్తుంది. అవి వీణ తీగల్లా కంపిస్తాయి. అలా కంపించగలవని స్వీడన్ శాస్త్రజ్ఞుడు హాన్స్ ఆల్ఫ్‌వెన్ 1942లోనే చెప్పాడు. బయటికి పోయే తరంగాలు, వాటికి ఎదురువచ్చే తరంగాలు పెనవేసుకున్నప్పుడు లక్షల కిలోమీటర్ల మెలికలు చీలిచీలి, భూమి సమీపంలో వంద కిలోమీటర్ల స్థాయికి దిగుతాయి. బలరేఖ చుట్టూ ప్రోటాను కొట్టే చుట్టు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అక్కడ మెలికలోని శక్తిని కణాలు లాగేసుకుంటాయి. వేడి పుట్టేది అక్కడే. సరిగ్గా ఏ పద్ధతిలో లాక్కుంటాయన్నది మాత్రం శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మెలికలు పుట్టేచోటుకే వెళ్లి చూద్దామని 2018లో పార్కర్ పేరుతోనే ఒక నౌకను పంపారు. 2024 డిసెంబరు 24న అది సూర్యుని ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరికి వెళ్లింది. బలరేఖలు ఉన్నట్టుండి వెనక్కి మడతపడి మళ్లీ సరికావడం అది వేలసార్లు చూసింది.

మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 కూడా ఈ పవనాన్ని కొలుస్తూ భూమికి 15 లక్షల కిలోమీటర్ల ఎడంగా, సూర్యుని వైపు నిలిచింది. పవనమే దాన్ని దాటి పోతుంది కాబట్టి, సెకనుకో కొలత తీస్తే 400 కిలోమీటర్లకొకటి చొప్పున తీసినట్టే! కాకపోతే అక్కడి క్షేత్రం మన కంపాసు ముల్లును తిప్పే క్షేత్రంలో కొన్ని వేలవ వంతు. నౌకలోని తీగల్లో పారే కరెంటు చాలు, లెక్క తప్పడానికి. అందుకే దాని మాగ్నెటోమీటరును 6 మీటర్ల కడ్డీకి అమర్చారు. ఒక కొలత కడ్డీ కొసన, ఒకటి మధ్యలో తీస్తారు. రెండింటి తేడాను బట్టి నౌక సొంత అయస్కాంతత్వం ఎంతో తెలుసుకుని తీసివేస్తారు.