కరవునాటి నీటి కట్టుబాట్లు

బెంగళూరులో కాపురమున్న మన తెలుగువారికి 2024వ సంవత్సరపు వేసవి ఇంకా జ్ఞాపకముండే ఉంటుంది. ఫిబ్రవరి వెళ్ళకముందే బోరుబావులు బురద కక్కినవి. తెల్లవారుజామునే వీధులలో బిందెల చప్పుడు వినిపించేది. టాంకరు లారీ వస్తే అది ఎవరి ఇంటి ముందు ఆగుతుందో అని వీధి వీధంతా కిటికీలలోనుంచి చూచేది. ఆ వేసవిలో నగర నీటి సరఫరా మండలివారు కొన్ని నిబంధనలు పెట్టినారు. జనం వాటిని పత్రికలలో చదివినారు. కొందరు జుల్మానా కూడ కట్టినారు. వర్షాలు పడగానే అందరూ మరచిపోయినారు. 2025 ఫిబ్రవరిలో అవే నిబంధనలు మళ్ళీ వచ్చినవి. ఇట్లు తిరిగి తిరిగి వచ్చే ఈ నిబంధనలు ఎందుకు పుట్టినవి, ఎంతవరకు న్యాయమైనవి, సంసారులకు వాటితో ఏమి పని అన్న సంగతులు మన సంఘ సభ్యులకు మనవి చేయదలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నది లేని నగరం

విజయవాడకు కృష్ణ ఉన్నది. రాజమండ్రికి గోదావరి ఉన్నది. మన బెంగళూరుకు ఏ మహానదీ లేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, మిట్టమీద కూర్చున్న ఊరు ఇది. అందుచేతనే ఈ ఊరు కట్టిన కెంపేగౌడ మొదలైన పాలకులు చెరువులు త్రవ్వించినారు. ఇప్పుడు మనం మెజెస్టిక్ బస్ స్టాండు అని పిలిచే చోట ఒకప్పుడు ధర్మాంబుధి అనే చెరువు ఉండేది. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువు ఉండేది. చెరువులు పూడిపోయినవి, పేర్లు మిగిలినవి.

తరువాత, 1894లో, దివాన్ శేషాద్రి అయ్యర్ గారి కాలంలో అర్కావతి నదిమీది హెసరఘట్ట చెరువునుండి నీరు తెచ్చే పథకం వచ్చినది. అదీ చాలక 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం కట్టినారు. అదీ చాలక 1974లో కావేరి మొదటి దశ వచ్చినది. కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, పల్లమునుండి మిట్టకు, పంపులతో ఎక్కి మన కొళాయికి చేరుతున్నది. మనం పారబోసే ప్రతి చెంబు నీళ్ళతోబాటు, దానిని అంత దూరం మోసుకొచ్చిన కరెంటు కూడ పారబోస్తున్నామన్నమాట.

కరవు ఎవరికి వచ్చినది?

2023లో వానలు మోసం చేసినవి. కర్ణాటకలోని 236 తాలూకాలలో 223 తాలూకాలను ప్రభుత్వంవారు కరవు తాలూకాలుగా ప్రకటించినారు. కాని బెంగళూరులో ఎద్దడి అందరికీ ఒకే విధంగా రాలేదు. ఈ విషయం చాలామంది గమనించలేదు.

ఆనాటికి కావేరినుండి నగరానికి రోజుకు వచ్చేది 145 కోట్ల లీటర్లు. అవసరం సుమారు 260 కోట్ల లీటర్లని అధికారులు చెప్పినారు. మిగిలిన లోటు పూడ్చుతూ వచ్చినవి బోరుబావులే. నగరంలో ప్రభుత్వపు బోరుబావులు 13,900 ఉండగా వాటిలో 6,900 ఎండిపోయినవని ఉప ముఖ్యమంత్రిగారే 2024 మార్చిలో ప్రకటించినారు. కావేరి కొళాయి ఉన్న పాత పేటలవారు ఎలాగో గట్టెక్కినారు. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాలలో చాలామందికి అప్పటికి కావేరి నీరు అందలేదు, వారి నోరెండినది. ఒకే నగరంలో ఒకరు పైపుతో కారు కడుగుతూ ఉంటే, పది కిలోమీటర్ల అవతల మరొకరు బిందెకు ఇంత అని డబ్బిచ్చి నీళ్ళు కొన్నారు. నిబంధనలకు అసలు మూలం ఈ వ్యత్యాసమే.

మండలివారి ఆజ్ఞలు

2024 మార్చి 8వ తేదీన నీటి సరఫరా మండలివారు 1964 నాటి తమ చట్టం ఆధారంగా ఒక ఆజ్ఞ జారీ చేసినారు. త్రాగేనీటిని వాహనాలు కడగడానికి, తోటలకు, ఇండ్ల కట్టడానికి, రోడ్ల పనులకు, వినోదం కోసం పెట్టే ఫౌంటెన్లకు వాడరాదు. సినిమా హాళ్ళలోను, మాల్స్ లోను త్రాగడానికి తప్ప వేరే పనులకు వాడరాదు. తప్పినవారికి 5,000 రూపాయలు జుల్మానా. మళ్ళీ అదే పని చేస్తే రోజుకు 500 రూపాయలు అదనం. కొద్ది రోజులకే ఈత కొలనులను కూడ ఈ జాబితాలో చేర్చినారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చూడవలె. కారు కడగవద్దని మండలివారు అనలేదు. త్రాగేనీటితో కడగవద్దని అన్నారు. మొక్కలకు నీళ్ళు పోయవద్దని అనలేదు. త్రాగేనీరు పోయవద్దని అన్నారు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు తులసికోటకు పోస్తే ఎవరూ కాదనరు. కట్టడపు పనులకు మురుగు శుద్ధిచేసిన నీరు వాడుకోమని మండలివారే చెప్పినారు.

మార్చి నెలలోనే 22 కుటుంబాలవారు పట్టుబడినారు. తలకు 5,000 చొప్పున 1,10,000 రూపాయలు వసూలైనవి. కోటికి పైగా జనమున్న ఊరిలో 22 ఇండ్లేనా తప్పు చేసినవి అని మీరు నవ్వవచ్చును. నిజమే. కాని పత్రికలో ఆ వార్త చూచి పైపు చుట్టి లోపల పెట్టినవారు ఎందరో ఉన్నారు. జుల్మానా వేసేది ఒకరికే అయినా భయం పదిమందికి కలుగుతుంది.

మరొక ఆజ్ఞ కొళాయి మూతికి సంబంధించినది. హోటళ్ళు, మాల్స్, కచేరీల వంటి చోట్ల కొళాయిలకు ఏరేటర్లు బిగించవలెనని గడువు పెట్టినారు. ఏరేటరు అంటే కొళాయి కొనకు మరలాగా తిప్పి బిగించే చిన్న జల్లెడ. నీటిధారలో గాలి కలుపుతుంది. చేతికి ధార నిండుగానే తగులుతుంది. ఖర్చయ్యే నీరు మాత్రం సగానికి తగ్గుతుంది. పెద్ద ఖర్చుతో కూడిన వస్తువు కాదు.

టాంకరు ధరలు

టాంకరు యజమానులు అడిగినంతా ఇచ్చుకున్న రోజులవి. ఫిబ్రవరిలో ఒక ధర, మార్చిలో అంతకు రెట్టింపు. మా పేటకు నీళ్ళు తోలే ఒకాయనను ఇదేమి అన్యాయమని అడిగితే, “ఇష్టమైతే పోయించుకోండి సార్, లేకపోతే వెనుక వీధివాళ్ళు కాచుకొని ఉన్నారు” అన్నాడు. దాహం వేసినవాడు బేరమాడలేడు గదా!

చివరకు జిల్లా అధికారులు నాలుగు నెలలపాటు అమలులో ఉండేటట్లు ధరలు నిర్ణయించినారు. ఐదు కిలోమీటర్ల లోపల అయితే 6,000 లీటర్ల టాంకరుకు 600 రూపాయలు, 8,000 లీటర్లకు 700, 12,000 లీటర్లకు 1,000. ఐదునుండి పది కిలోమీటర్ల వరకు అయితే వరుసగా 750, 850, 1,200. పన్ను వేరు. ధర కాగితంమీద ఉన్నది. టాంకరు మాత్రం కొన్నిచోట్ల మాయమైనది. సరకు చాలనప్పుడు ధర ఒక్కటే కట్టడి చేస్తే సరకు దాగుకొంటుందని రేషను రోజులు చూచిన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. అయినా ఆ ధరల పట్టిక చేతిలో ఉండబట్టి “సర్కారు ధర ఇది గదా” అని నిలదీసి అడిగే ధైర్యం సామాన్యులకు వచ్చినది. అదీ తక్కువ మేలు కాదు.

చట్టం చేరని చోటు

తప్పు చేసేవారినిగూర్చి 1916 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చునని అన్నారు. చెప్పడం తేలికే. చెప్పినవాడు మరునాడు అదే వీధిలో బ్రతకవలె గదా!

మా వెనుక వీధిలో ఒక ఇంటి యజమాని రోజూ ఉదయం పైపు పెట్టి కారు కడిగేవారు. ఆ ఆవరణలోనే మూడు వాటాలలో అద్దెకున్నవారు నీళ్ళు కొనుక్కొంటున్నారు. ఫిర్యాదు చేస్తే రేపు ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని వారి భయం. అద్దె ఇంట్లో ఉన్నవారికే ఆ భయం తెలుస్తుంది. ఒకనాడు ఆ వాటాలలోని పెద్దావిడ ఒకరు బిందె పట్టుకొనివచ్చి కారు ప్రక్కన పెట్టి, “నాయనా, నీ కారు త్రాగినాక మిగిలినవి ఇందులో పట్టు, పిల్లలకు అన్నం వండుకొంటాము” అన్నది. ఆయన మారుమాట లేకుండా పైపు కట్టేసినారు. ఆ మరునాటినుండి తడిగుడ్డతో తుడుచుకోవడం మొదలుపెట్టినారు. ఐదువేల జుల్మానా చేయని పని ఒక ఖాళీ బిందె చేసినది. కాని అందరు యజమానులూ అట్టివారు కారు. అద్దెకున్న పెద్దావిడలందరికీ ఆ చొరవ ఉండదు. అందుచేత ఫిర్యాదు చేసినవారి పేరు బయటపడకుండా చూడడం, కాపలాను వీధివారిమీదకు నెట్టక ఉద్యోగులే తిరిగి చూడడం అవసరం.

వఠారాలలో, అంటే వరుస వాటాల ఇండ్లలో, పెరిగినవారికి నీటి కట్టుబాటు క్రొత్త కాదు. వాటాకు ఇన్ని బిందెలని లెక్క. చంటిబిడ్డ ఉన్న ఇంటికి ఒక బిందె ఎక్కువ. ముందు వచ్చినది ఎవరైనా త్రాగేనీళ్ళు అందరికీ అయినాకనే బట్టలకు పట్టడం. ఎవరూ కాగితంమీద వ్రాయలేదు, ఎవరూ తప్పలేదు.

కోలారు సీమ పల్లెలలో దీనికంటే పాత పద్ధతి ఉన్నది. అక్కడ చెరువు తూము తెరిచి పొలాలకు నీరు వదిలేవానిని నీరుగంటి అంటారు. తెలంగాణలో నీరటి అనేది ఇట్టివానినే. చెరువు నిండని ఏడు ఎవరి పొలం ఎంత తడపవలెనో చూచి పంచేవాడు అతడు. అందరూ కొంత కొంత తగ్గించుకొనేవారే గాని, ఒకరు పూర్తిగా ఎండి మరొకరు పూర్తిగా పండించుకోవడం ఉండేది కాదు. నగరానికి లేనిది ఈ నీరుగంటియే.

మన సభ్యులలో కోలారు, ముళబాగిలు, చిక్కబళ్ళాపురం ప్రాంతాలతో చుట్టరికమున్నవారు చాలామంది. 2018నుండి కోరమంగళ, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. భూగర్భజలం పెరగడానికి అది ఉపకరిస్తున్నది. ఆ శుద్ధి చాలదని, ఇంకొక దశ ఉండవలెనని అక్కడివారు కోరుతూనే ఉన్నారు. ఆ కోరిక న్యాయమైనదే. మనం ఇక్కడ తూములో పోసేది అక్కడ మన బంధువుల చెరువుకు చేరుతున్నదన్న ఎరుక మనకుంటే మంచిది.

గుమాస్తా లెక్క

నేను కచేరీ గుమాస్తాను. లెక్క వేయనిదే నాకు ఏదీ నమ్మకం కలుగదు. మచ్చుకు రెండు లెక్కలు చూడండి.

కొళాయి సెకండుకు ఒక చుక్క చొప్పున కారుతున్నదనుకోండి. రోజుకు 86,400 చుక్కలు. సుమారు నాలుగు చుక్కలకు ఒక మిల్లీలీటరు. అంటే రోజుకు 20 లీటర్ల పైమాట. ఒక పెద్ద బకెట్టు నిండుతుంది. వాషరు మార్చడానికి అయ్యే ఖర్చు ఒకపూట కాఫీ డబ్బు.

రెండవది వాన లెక్క. 2009లో చట్టం సవరించి, ముప్పై అడుగులు నలభై అడుగుల స్థలంలోను, అంతకు మించిన స్థలంలోను క్రొత్తగా కట్టే ఇండ్లకు, నలభై అరవై స్థలములోని పాత ఇండ్లకు వాననీరు పట్టే ఏర్పాటు విధిగా ఉండవలెనన్నారు. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల వాన. ముప్పై నలభై స్థలంమీద పడేది సుమారు 1,08,000 లీటర్లు. అందులో ఐదవవంతు వృథా అయినా 86,000 లీటర్లు మిగులును. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న సంసారానికి 540 లీటర్లు. అంటే ఐదు నెలలకు పైగా సరిపోయే నీరు మన మిద్దెమీదనే పడి రోడ్డుమీదకు పోతున్నది. అంతా సంపులో పట్టదు, నిజమే. పట్టనిది ఇంకుడుగుంతలోనికి పోతే బోరుబావికి దక్కుతుంది.

2024 అక్టోబరు 16న కావేరి ఐదవ దశ ప్రారంభమైనది. రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్లు అదనంగా తెచ్చి ఆ 110 గ్రామాలకు ఇవ్వడం దాని ఉద్దేశం. సంతోషమే. కాని హెసరఘట్ట వచ్చినప్పుడు, తిప్పగొండనహళ్ళి వచ్చినప్పుడు, కావేరి మొదటిసారి వచ్చినప్పుడు మన పెద్దలు ఇక కరవు తీరినదనే అనుకున్నారు. నీరు పెరిగిన కొద్దీ ఊరు పెరిగినది. ఆరవ కావేరి ఎక్కడినుండి వచ్చును?

ఇక మన పండుగల సంగతి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, సరిగ్గా ఎద్దడి నడిమధ్యలో వచ్చినది. ఉగాది ఎప్పుడూ ఎండల మొదలులోనే వస్తుంది. పండుగకు ఇల్లు కడగడం మన ఆచారం. పైపుతో కాక, ఒక బకెట్టు నీళ్ళు, ఒక తడిగుడ్డతో తుడిచినా పండుగకు లోటు రాదు. పెండ్లిండ్లలో విస్తరి విస్తరికీ నీళ్ళసీసా పెట్టడం, సగం త్రాగి వదలడం మానవలె. అడిగినవారికి గ్లాసులో పోస్తే అతిథికి మర్యాద తగ్గదు. ఈసారి ఉగాదికి ముందు ప్రతి సభ్యుడూ తన ఇంటి కొళాయిలు ఒకసారి పరీక్షించి, మిద్దెమీద వాననీటి గొట్టానికి అడ్డుపడ్డ ఆకులు తీయించవలెనని, అద్దెకిచ్చిన వాటాలు ఉన్నవారు ఆ వాటాలవారికి నీటి వేళలు, వంతులు ముందుగానే చెప్పవలెనని నా మనవి.