ఎక్సురే పటములోని తెల్లని నీడ

పెద్దలారా, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో ఎవరికైన దగ్గు విడువక, శరీరము చిక్కిపోవుచున్నచో ఇంటివారు మొదట సలహాకు వచ్చునది మీయొద్దకే. పిమ్మట ఎక్సురే తీయింతురు. పటములో తెల్లని మచ్చ కనబడగానే, క్షయ యని అరుగుమీదనే తీర్పు ముగియును. అందు వింత లేదు. వికారాబాదు వద్ద అనంతగిరి కొండమీద క్షయరోగుల ఆసుపత్రి వెలసిన సీమ మనది. కాని ఆ నీడకు వేరొక కారణము కూడ కలదు. దానిని గూర్చియే నేడు మనవి చేసెదను.

1895లో రోంట్‌జెన్ పండితుడు కనుగొనిన కిరణములు గాలిగుండ సులువుగ పోవును. అందుచే గాలి నిండిన ఊపిరితిత్తి పటములో నల్లగా పడును. గాలి ఉండవలసిన చోట చీము గాని, నీరు గాని, కణములు గాని చేరినచో తెల్లబడును. చేరినదేదో పటము చెప్పదు. బస్తా నిండినదని వెలుపలినుండి చెప్పగలము. లోపల వడ్లో జొన్నలో, ఇనుపగొట్టము గ్రుచ్చి గింజలు తీసిననే తెలియును.

మన రక్తములో లింఫోసైటులను తెల్లకణములు కలవు. శరీరమును కాచునవి అవే. అవి హద్దుమీరి పెరుగుటయే లింఫోమా యను కాన్సరు. దానిలో ఒక రకమును 1832లో హాడ్జికిన్ అను ఆంగ్లవైద్యుడు వర్ణించెను. మెడలో, చంకలో, గజ్జలో బిళ్ళలు కట్టుట దాని సాధారణ లక్షణము. ఊపిరితిత్తిలోనే మొదలగుట బహు అరుదు, కనుకనే మరుగుపడును. అచట పుట్టువానిలో కొన్ని ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును, రోగి సేద్యము చేసికొనుచునే యుండును.

సి.టి. యంత్రము రొమ్మును పలుచని పొరలుగ కోసినట్లు చూపును. తెల్లని భాగము నడుమ గాలిగొట్టములు చెట్టుకొమ్మలవలె నల్లగ తెరచియుండుట లింఫోమాలో తరచు కానవచ్చును, న్యుమోనియాలోను కానవచ్చును. పెట్ పరీక్షలో చక్కెరవంటి ద్రవ్యము నెక్కించి, అది ఎచట అధికముగ చేరునో చూతురు. క్షయ సోకిన చోటును అందు వెలుగుచునే యుండును! సూది ఎచట గ్రుచ్చవలెనో, రోగమెంతదూరము ప్రాకినదో చూపుట ఈ యంత్రముల పని. రోగమునకు పేరు పెట్టునది మాత్రము ముక్క పరీక్షయే. సూది తగిలిన రోగము రేగునని మనవారి భయము. లింఫోమా విషయమున దానికి ఆధారము లేదు.

కఫములో క్షయక్రిములు కనబడినచో క్షయమందులే వాడవలెను, తమంతట మానరాదు. క్రిములు కనబడక, మందులు వాడినను నీడ తగ్గకున్నచో, ముక్క పరీక్ష అవసరమా యని వైద్యుని అడుగుడు. ఈలోపల ఇరుగుపొరుగువారి మాట విని స్టెరాయిడ్ మాత్రలు మ్రింగరాదు. వానిచే లింఫోమా తాత్కాలికముగ కరగి, ముక్కలో సైతము చిక్కక పోవచ్చును.

చేవెళ్లలోను, మొయినాబాదు చేరువ యెన్కేపల్లిలోను వైద్యకళాశాలల ఆసుపత్రులున్నవి. హైదరాబాదు రెడ్‌హిల్సులోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి ప్రభుత్వమువారిది. ఎచటికి పోయినను పాత ఎక్సురే పటములను వెంట తీసికొనిపొండు. నీడ నిన్నటిదో, మూడేండ్లనాటిదో వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిననే వైద్యునికి తెలియును.