మూడు పాయల జడ

“మా మేనమామకు చిన్నప్పుడే చెవుడు వచ్చింది. ముప్పై దాటకుండానే కిడ్నీలు పాడయ్యాయి.” ఇలాంటి ఇంట్లో వీటిని రెండు వేర్వేరు కష్టాలుగానే చెప్పుకుంటారు. రెండూ ఒకే జబ్బని 1927లో ఆర్థర్ సెసిల్ ఆల్పోర్ట్ అనే వైద్యుడు రాశారు. ఆయన చూసిన కుటుంబంలో తరతరాలుగా మూత్రంలో రక్తం, దానితోపాటు చెవుడు. మగవాళ్ళు చిన్న వయసులోనే పోతే ఆడవాళ్ళు చాలాకాలం బతికారు. జబ్బుకు ఆయన పేరే నిలిచింది: ఆల్పోర్ట్ సిండ్రోమ్.

మన ఒక్కో మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే సన్నని రక్తనాళాల చుట్టలు దాదాపు 10 లక్షలు ఉంటాయి. ఆ నాళాల గోడకు ఆధారం బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలుచని పొర. మిల్లీమీటరును 3 వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత మందం! దానికి బలమిచ్చేది నాలుగో రకం కొల్లాజెన్. మూడు పోగులు జడలా పెనవేసుకుని, జడలన్నీ కలిసి వలగా అల్లుకుంటాయి. ఒక్క పాయ సరిగా లేకపోయినా జడ నిలవదు. పిండదశలో ఉండే వేరే పాయల కొల్లాజెన్‌తోనే శరీరం నెట్టుకొస్తుంది గానీ, ఏళ్ళ తరబడి రక్తం ఒత్తిడికి అది తట్టుకోలేదు. పొర చీలికలవుతుంది. మొదట కంటికి కనిపించనంత రక్తం, తర్వాత ప్రోటీన్ మూత్రంలోకి జారతాయి. లోపలి చెవిలోనూ, కంటి కటకం పైపొరలోనూ ఇదే కొల్లాజెన్ ఉంది. చెవుడు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా!

ఒక పాయను తయారుచేసే కోల్4ఏ5 అనే జన్యువులోని లోపాలే ఈ జబ్బుకు మూలమని 1990లో బయటపడింది. అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. అందుకే లోపమున్న తండ్రి నుంచి కూతుళ్ళందరికీ వస్తుంది, కొడుకులకు రాదు. తల్లి నుంచైతే బిడ్డ ఎవరైనా సగం అవకాశం. కొందరిలో ఎవరి నుంచీ రాకుండా కొత్తగానూ పుడుతుంది కనుక, అత్తగారు కోడలి పుట్టింటిని తిట్టనక్కరలేదు.

మిగతా రెండు పాయల జన్యువులు రెండో క్రోమోజోము మీద ఉన్నాయి. అక్కడ తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం వస్తే ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా జబ్బు తీవ్రంగానే ఉంటుంది. మేనరికాలు వదలని మన కుటుంబాలు ఈ మాట రెండుసార్లు చదవాలి.

పూర్తిగా నయం చేసే మందు లేదు. అయితే రామిప్రిల్ వంటి మాత్రలు సకాలంలో మొదలుపెడితే కిడ్నీ చెడిపోవడాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేయగలవు. గర్భిణులు మాత్రం వాటిని వాడకూడదు. పిల్లవాడి మూత్ర పరీక్షలో రక్తకణాలు మళ్ళీమళ్ళీ కనిపిస్తుంటే వేడి చేసిందని సరిపెట్టుకోక, ఇంట్లో ఎవరికి చెవుడు, ఎవరికి కిడ్నీ జబ్బు ఉన్నాయో డాక్టరుకు చెప్పండి.

ఇంకొకటి. ఆడవాళ్ళు లోపాన్ని మోసేవాళ్ళు మాత్రమేనని ఒకప్పుడు అనుకునేవారు. వారిలోనూ కొందరికి వయసు మీద పడ్డాక కిడ్నీలు దెబ్బతింటాయి. కొడుక్కి కిడ్నీ ఇస్తానని తల్లి ముందుకొచ్చినప్పుడు, ముందు ఆమెకే పరీక్షలు చేయించాలి.