మందుకు లొంగని ఈగ

గొర్రె ఉన్ని వానకు తడిసో, మూత్రంతో మురికిపడో ఉంటే ఒక రకం ఈగ దానిమీద గుడ్లు పెడుతుంది. మన ఇళ్లలో ముసిరే ఈగ కాదు ఇది. రాగిరంగు కలిసిన ఆకుపచ్చతో నిగనిగలాడుతుంది. పేరు లూసీలియా కుప్రినా. గుడ్లలోంచి వచ్చిన పురుగులు బతికున్న గొర్రె చర్మాన్నే కొరుక్కుతింటాయి. గొర్రె చచ్చిపోవచ్చు కూడా. ఆస్ట్రేలియాలో గొర్రెలు పెంచేవారికి ఇదొక పెద్ద బెడద.

1950ల చివర వారు డయాజినాన్ అనే మందు వాడటం మొదలుపెట్టారు. కొన్నేళ్లు బాగానే గడిచాయి. 1965 నాటికి ఆ మందుకు చావని ఈగలు కనిపించాయి! ఒక జన్యువులో ఉత్పరివర్తనం జరిగి ఒక ఎంజైము మారింది. మారిన ఎంజైము మందును విరగ్గొట్టేస్తుంది. ఇంతవరకు మీరు పాఠంలో చదువుకున్న ప్రకృతివరణమే. అసలు వింత ఇక్కడ మొదలవుతుంది.

ఆ ఉత్పరివర్తనం ఈగకు ఊరికే దక్కలేదు. ఈగ ఒంటిమీద ఎడమవైపు ఎన్ని బిరుసు వెంట్రుకలుంటే కుడివైపు కూడా దాదాపు అన్నే ఉండాలి. మందుకు చావని ఈగల్లో ఈ లెక్క తప్పింది. ఎదుగుదల కూడా మందగించింది. మందు చల్లని చోట అవి మామూలు ఈగలతో పోటీపడలేక తగ్గిపోయేవి. అయితే కొన్నాళ్లు మందు మానేస్తే సరిపోయేది కదా, అంటారా?

కాని మందు వాడకం ఆగలేదు. అందువల్ల ఆ జన్యువును వదులుకుంటే ఈగకు చావే. అలాంటప్పుడు దానివల్ల కలిగే కీడును తగ్గించే ఏ మార్పయినా లాభమే. అటువంటి మార్పు వేరొక క్రోమోసోము మీది మరో జన్యువులో వచ్చి, తరతరాలుగా వ్యాపించింది. ఒరిగిన పందిరికి పక్కన గుంజ పాతినట్టన్నమాట. మొదటి జన్యువు మారినది మారినట్టే ఉంది. వెంట్రుకల లెక్క మాత్రం కుదిరింది.

ఈ సంగతి ఎలా తెలిసింది? మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో జాన్ మెకెంజీ, ఆయన సహచరులు ఈ ఈగలను మందెరుగని వంశపు ఈగలతో తరం వెంట తరం సంకరం చేశారు, మొదటి జన్యువును మాత్రం పోనివ్వకుండా. గుంజ ఊడింది, పందిరి మళ్లీ ఒరిగింది. ఎడమ కుడి తేడాలు, బలహీనత తిరిగివచ్చాయి. ఆ రెండో జన్యువు, డ్రోసోఫిలా ఈగలో వెంట్రుకలు మొలిచే తీరును నడిపించే ‘నాచ్’ జన్యువుకు జోడు అయి ఉంటుందనడానికి 1996లో ఆధారాలు దొరికాయి.

గొర్రెలవారి సంగతి? రెండో మార్పు వ్యాపించాక, మందు ఆపినా ఆ ఈగలకు నష్టమేమీ లేకపోయింది. మందును విరగ్గొట్టే జన్యువు వాటిలో అలాగే నిలిచిపోయింది.