దగ్గరి దారి సైకిలుకు, చుట్టుదారి కారుకు

కారు ఉన్నవాడు పక్క పేటకు వెళ్లాలంటే ఊరి వెలుపలికి పోయి, చుట్టు తిరిగి మళ్లీ లోపలికి రావాలి. సైకిలు మీద బడికి పోయే పిల్లవాడు మాత్రం చెట్ల మధ్యగా తిన్నగా వెళ్లిపోతాడు. ఇలాంటి ఊరు ఉందంటే వింతగా తోచవచ్చు. నెదర్లాండ్స్ దేశంలో ఉట్రెక్ట్ నగరం పక్కన ఉన్న హౌటెన్ అలాంటి ఊరే. పట్టణాల అంచున పొలాలు ప్లాట్లుగా మారిపోతున్న మన పల్లెలవారు ఆ ఊరి కథ తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

1960 దశకంలో హౌటెన్ నాలుగు వేల జనాభా కూడా లేని పల్లెటూరు. ఉట్రెక్ట్ నగరం కిక్కిరిసిపోతుండడంతో, ఈ పల్లెను పెంచాలని అక్కడి ప్రభుత్వం తలపెట్టింది. పొలాల్లో వేల సంఖ్యలో ఇళ్లు రానున్నాయి. అప్పుడు రాబ్ డెర్క్స్ అనే వాస్తుశిల్పి వేసిన పథకాన్ని ఊరివారు ఆమోదించారు.

ఆ పథకం గీత పెద్ద చిక్కుదేమీ కాదు. ఊరి చుట్టూ వలయంలాగా ఒక పెద్ద రోడ్డు. దాని లోపల పేటలు. ఏ పేటకైనా కారు ఆ వలయం నుంచే ప్రవేశించాలి. పేటకూ పేటకూ మధ్య కార్లకు దారి ఉంచలేదు. నడిచేవారికి, సైకిళ్లకు మాత్రం ఊరి నడుమ వెన్నెముకలాంటి బాట ఒకటి వేసి, ప్రతి వీధి నుంచీ దానికి సందులు కలిపారు. బాటకు ఇరుపక్కలా పచ్చిక, చెట్లు, నీటి కుంటలు. బడులు చాలావరకు ఈ బాట వెంబడే కట్టారు. పెద్ద రోడ్డును దాటవలసిన చోట బాట రోడ్డు కింది నుంచి పోతుంది. బాట మీదికి కారు రాక తప్పని చోట ఎర్రటి తారు పరచి, 'ఇక్కడ కారు అతిథి' అని బోర్డు పెట్టారు. అతిథి అంటే, ఇంటివారైన సైకిళ్ల వెనుక మెల్లగా రావలసినవాడని అర్థం.

అంగళ్లూ, రైల్వే స్టేషనూ ఊరి మధ్యన ఉన్నాయి. 1982లో తెరచిన ఆ స్టేషన్ కింద ఇప్పుడు సుమారు మూడు వేల సైకిళ్లు నిలుపుకొనే చోటు ఉన్నది. ఊరి జనాభా యాభై వేలకు చేరింది. 2008లోనూ, తిరిగి 2018లోనూ దేశంలో ఉత్తమ సైకిలు పట్టణంగా హౌటెన్ ఎంపికయింది.

బాట వేస్తే చాలదు

సైకిలు బాట వేస్తే జనం వాటంతట అవే సైకిళ్లెక్కుతారని అనుకోవడానికి లేదు. లండన్‌కు ఉత్తరాన ఉన్న స్టీవనేజ్ ఇందుకు నిదర్శనం. యుద్ధానంతరం, 1946లో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించిన కొత్త పట్టణాలలో అదే మొదటిది. అక్కడి ఇంజనీరు ఎరిక్ క్లాక్స్టన్ స్వయంగా సైకిలు తొక్కేవాడు. రోడ్లకు దూరంగా వెడల్పయిన సైకిలు బాటలు, వాటి పక్కన కాలిబాటలు, కూడళ్ల కింద దారులు, ఏ లోటూ లేకుండా వేయించాడు. చూడడానికి ఇతర దేశాలవారు కూడా వచ్చారు. కానీ ఆయన ఆశించినంతగా జనం సైకిలు తొక్కలేదు. కారణం వెదకనక్కరలేదు. కారు రోడ్లు కూడా అంత చక్కగానే వేశారు. అడ్డంకులు లేవు, ఆగవలసిన పని లేదు. కారున్నవాడు ఇంటి నుంచి కార్ఖానాకు దూసుకుపోగలిగాడు. ఇక సైకిలెందుకు తొక్కుతాడు?

హౌటెన్‌లో జరిగినదీ, స్టీవనేజ్‌లో జరగనిదీ ఒకటే. దగ్గరి దారిని నడకకూ సైకిలుకూ ఇచ్చి, చుట్టుదారిని కారుకు ఇవ్వడం.

అదే దేశంలోని మిల్టన్ కీన్స్ పట్టణంలో 'రెడ్‌వే' అని పిలిచే బాటలు 300 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. వాటిలో కొన్ని పొదల చాటున, ఇళ్ల కంటపడకుండా మెలికలు తిరిగి పోతాయి. చీకటి పడితే ఆ దారిన వెళ్లడానికి ఆడవారు జంకుతారని విమర్శ. బాట ఇళ్ల అరుగుల ముందు నుంచి పోవాలి గాని పెరటి గోడల వెనుక నుంచి కాదు. ఈ సంగతి మన పల్లెల్లో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది.

మన పుంతల మాట

పుంత, డొంక, బండ్లబాట. ప్రాంతాన్ని బట్టి పేరు మారుతుంది గాని, పొలాల మధ్యగా ఊరికీ ఊరికీ దగ్గరి దారి మనకు పూర్వం నుంచీ ఉన్నదే. పొలం లేఅవుటుగా మారినప్పుడు ముందుగా దెబ్బ తగిలేది దానికే. పక్కపక్కనే రెండు లేఅవుట్లు వస్తాయి. ఒక్కొక్కదానికి పెద్ద రోడ్డు వైపు గేటు, మిగతా మూడు వైపులా ప్రహరీ. అవతలి లేఅవుటులోని బడికి ఇవతలి పిల్ల గోడ దాటితే నూరు అడుగులే. గోడ దాటలేదు గనుక లారీలు తిరిగే రోడ్డెక్కి మైలు దూరం సైకిలు తొక్కవలసి వస్తుంది.

దీనికి విరుగుడు ఎంత ఖర్చుతో కూడినది? ప్రహరీలో పదడుగుల సందు, రెండు లేఅవుట్లనూ కలుపుతూ. మూడు వందల అడుగుల పొడవున పదడుగుల వెడల్పు వదిలితే పోయేది 333 చదరపు గజాలు. రెండు మూడు ప్లాట్ల జాగా. వ్యాపారి ఆ లెక్క వేసుకోకుండా ఉండడు. కాబట్టే తనంతట తాను వదలడు. అయితే లేఅవుటులో ఖాళీ స్థలం వదలాలనీ, దానినీ రోడ్లనూ ఉచితంగా పంచాయతీకి అప్పగించాలనీ నిబంధనలు ఉండనే ఉన్నాయి. వదిలే ఆ స్థలాన్ని ఎందుకూ కొరగాని మూలన కాకుండా, బాటగా సాగేలా పొడవుగా ఉంచమని అడిగితే వ్యాపారికి అదనంగా పోయేది స్వల్పమే.

అడగవలసినది నక్షా ఆమోదానికి ముందు. ప్లాట్లు రిజిస్టరయ్యాక సందు కావాలంటే ఎవరో ఒకరి ఇంటి గోడ పడగొట్టాలి, దానికి ఎవరూ ఒప్పుకోరు. పాత గ్రామ పటం నకలు తీసుకుని, లేఅవుటు నక్షాను పక్కన పెట్టి చూస్తే పుంత ఎక్కడ మాయమవుతున్నదో తేలికగానే కనబడుతుంది. గ్రామసభకు వెళ్లేటప్పుడు ఆ రెండు కాగితాలూ వెంట తీసుకుపోవచ్చు.